రోమన్ ప్రావిన్సులు: క్లాసులో ప్రతి ఏడాదీ ఎదురయ్యే అపోహలు

డిగ్రీ విద్యార్థులకు రోమ్ చరిత్ర చెబుతాను. ప్రావిన్సుల (ఇటలీ బయట రోమ్ ఏలిన ప్రాంతాల) పాఠం మొదలుపెట్టగానే పిల్లల మనసులో కలెక్టరు, తహసీల్దారు, కరణం మెదులుతారు. ఆ బొమ్మ చెరపడానికే నాకు రెండు క్లాసులు పడుతుంది.

అపోహ: రోమ్ ఊరూరా తన అధికారుల్ని పెట్టి పాలించింది.

లేదు. ప్రావిన్సుకు ఒక గవర్నర్, ఖజానా చూసే అధికారి, కొందరు గుమాస్తాలు, సైనికులు. రోజువారీ పాలన, పన్ను వసూలు చాలా వరకు స్థానిక నగర సభల చేతుల్లోనే ఉండేవి. గవర్నర్ ముఖ్య పట్టణాలు తిరుగుతూ తీర్పులు చెప్పేవాడు. క్రీ.శ. 110 ప్రాంతంలో బిథినియా (నేటి టర్కీలోని ప్రాంతం) గవర్నర్ ప్లినీ, నికోమీడియా నగరంలో పెద్ద అగ్నిప్రమాదం జరిగాక, 150 మందితో అగ్నిమాపక దళం పెట్టుకోవచ్చా అని ట్రాజన్ చక్రవర్తికి రాశాడు. ట్రాజన్ వద్దన్నాడు. అలాంటి సంఘాలు చివరికి రాజకీయ ముఠాలవుతాయని ఆయన భయం.

అపోహ: లాటిన్ రానివాళ్లకు రోమన్ న్యాయం అందేది కాదు.

నాకు బాగా ఇష్టమైన సాక్ష్యం ఇక్కడే ఉంది. మృత సముద్రం దక్షిణపు అంచున ఖర్జూర తోటలున్న బబాథా అనే యూదు స్త్రీ. అక్షరాలు రావు. ఆమె దాచుకున్న పత్రాలు, 30కి పైగా, 1961లో ఒక గుహలో దొరికాయి. భర్త చనిపోయాక కొడుకు సంరక్షకులు నెలకు 2 దీనారాలే (రోమన్ వెండి నాణేలు) ఇస్తున్నారని, అది చాలదని అరేబియా ప్రావిన్సు గవర్నర్ దగ్గర ఫిర్యాదు పెట్టింది, గ్రీకులో. 127లో జనాభా లెక్కలప్పుడు తోటల వివరాలు కూడా గ్రీకులోనే రాయించి ఇచ్చింది. తూర్పు ప్రావిన్సుల్లో ప్రజలతో వ్యవహారం గ్రీకులోనే నడిచేది. సంరక్షకులపై దావాకు రోమన్ చట్టంలో వాడే నమూనా పత్రానికి గ్రీకు ప్రతులు మూడు ఆమె సంచీలో ఉన్నాయి! ఆ ప్రాంతం సామ్రాజ్యంలో కలిసింది 106లో. ఇరవై ఏళ్లు తిరిగేసరికి అక్షరం రాని ఒక తల్లి కొత్త పాలకుల చట్టాన్ని ఆయుధంగా పట్టుకుంది. ఈ పాఠం చెప్పిన ప్రతిసారీ నా గొంతు కాస్త మారుతుంది.

పదవుల పేర్లలోనూ ఒక అపోహ ఉంది. యేసుకు శిలువ శిక్ష వేసిన యూదయ గవర్నర్ పాంటియస్ పిలేట్‌ పదవిని "ప్రొక్యురేటర్" (ఆర్థిక వ్యవహారాల అధికారి) అని రాసే పుస్తకాలు ఇంకా ఉన్నాయి. అదే 1961లో సిజేరియాలో బయటపడ్డ శాసనం ఆయన్ను "ప్రిఫెక్ట్" (సైనిక బాధ్యతను సూచించే హోదా) అంటుంది.

అపోహ: గవర్నర్లు ఎంత దోచినా అడిగే దిక్కు లేదు.

సగమే నిజం. ఇలాంటి కేసుల కోసమే క్రీ.పూ. 149లో ప్రత్యేక కోర్టు పెట్టారు. సిసిలీని మూడేళ్లు పీల్చిపిప్పి చేసిన గవర్నర్ వెర్రెస్‌ మీద క్రీ.పూ. 70లో ప్రసిద్ధ వక్త సిసిరో వాదిస్తే, తీర్పు రాకముందే అతను ప్రవాసానికి వెళ్లిపోయాడు. కానీ అప్పటి జ్యూరీలో ఉన్నది సెనేటర్లే, అంటే నిందితుడి వర్గం వాళ్లే. మామూలు రైతుకు రోమ్ దాకా వెళ్లే స్తోమత ఎక్కడిది?

అపోహ: మన దగ్గర రోమన్ నాణేలు దొరికాయి కాబట్టి రోమ్ పాలన ఇక్కడికీ వచ్చింది.

రాలేదు. అవి వ్యాపారంతో వచ్చినవి. భారతదేశపు సరుకు ఈజిప్టు చేరాకే రోమ్ చెయ్యి దాని మీద పడేది. ముజిరిస్ (కేరళ తీరంలోని పాత రేవు) నుంచి వచ్చిన ఒక ఓడ సరుకు లెక్కలున్న పపైరస్ (రెల్లు కాగితపు పత్రం) వియన్నాలో ఉంది. అందులో సుంకం విలువలో నాలుగో వంతు.