బాల్మోరే బుగ్గ: బుకింగ్ దొరకకపోవుడు ఒకటి, నీళ్లు తగ్గుడు ఇంకొకటి

టెక్సాస్‌ల ఉండే మన పిల్లలు లాంగ్ వీకెండ్ వచ్చిందంటే బాల్మోరే పేరు ఎత్తుతరు. ఎడారి నడుమ ఊట నీళ్ల కొలను, పక్కనే టెంట్ ఏసుకునే జాగ, రాత్రైతే నెత్తిమీద చుక్కలే చుక్కలు, ఇంకేం గావాలె. హన్మకొండకెల్లి, కరీంనగర్‌కెల్లి పిల్లల దగ్గరికి పోయి ఆర్నెల్లు ఉండొచ్చే అమ్మానాన్నలను గూడ తీస్కపోతరు. కాకపోతే ప్రతిసారి ఒకటే లొల్లి. బుకింగ్ దొరకలే అంటరు, దొరికిందనుకుంటే క్యాంప్‌గ్రౌండ్ రిపేర్ల ఉందంటరు, అది బాగైనంక పూల్ మూసిన్రంటరు. పోయొచ్చినోళ్లు ఇంకో ముచ్చట గూడ మోసుకొస్తరు, నీళ్లు తగ్గుతున్నయట, పక్కన ఆయిల్ బోర్లు పడ్డయట అని. ఈ "అట"ల ఎనుక అసలు కథ ఏందో మొదటికెల్లి చెప్పుకుంటే మంచిది, ఎందుకంటే ఇది ఒక్క టెక్సాస్ కథ కాదు, జనగామ, చేర్యాల దిక్కు బోర్ల మీద బోర్లేసి మునిగినోళ్లకు బాగ తెలిసిన కథే.

ముందు జాగ సంగతి. పడమటి టెక్సాస్‌ల చివావన్ ఎడారి, డేవిస్ గుట్టల కింద రీవ్స్ కౌంటీ, అండ్ల బాల్మోరే అనే చిన్న ఊరు. ఊరికి నాలుగు మైళ్ల దూరంల సాన్ సాలమన్ బుగ్గలు, అంటే భూమిలకెల్లి సొంతగ ఊరే నీటి ఊటలు, వాటి మీద కట్టిన పూల్, దాని చుట్టు స్టేట్ పార్క్. డల్లాస్‌కెల్లి పొద్దున బయలుదేరితే పెకోస్ దాక హైవే, ఆడ దిగి 17 నంబర్ రోడ్డు పడితే తుమ్మకంపల అసొంటి చెట్లు, మట్టి, గాలి తప్ప ఏం కనవడది, అట్ల పోంగ పోంగ ఒక్కపారి పచ్చగ వస్తది. పూల్ లోతు కొన్ని జాగలల్ల 25 అడుగులు. అండ్ల పట్టే నీళ్లు 35 లక్షల గ్యాలన్లు, రోజూ ఊరొచ్చే నీళ్లేమో కోటిన్నర గ్యాలన్ల దాక, అంటే పూల్ మొత్తం రోజుకు నాలుగు సార్లు నిండి పోతున్నట్టే. అందుకే క్లోరిన్ కలిపే పనిలేదు. నీళ్లు ఏడాదంత 22 నుంచి 24 డిగ్రీల కాడనే ఉంటయి, ఎండకాలం సల్లగ, చలికాలం ఎచ్చగ అనిపిస్తయి. కింద కొంతమేర సిమెంటు ఉండదు, అసలు బండ, ఇసుకనే, ఊట దగ్గర మునిగి చూస్తే ఇసుక పైకి లేస్తది, పడతది, మళ్ల లేస్తది. చిన్న చిన్న చేపలు కాళ్ల పొంటి తిరుగుతుంటయి.

ఈ బుగ్గలను తెల్లోళ్లు కనిపెట్టింది కాదు. మెస్కలెరో అపాచీలనే అక్కడి ఆదివాసులు శానా కాలం వాడుకున్నరు, ఒకప్పుడు మెస్కలెరో బుగ్గలనే అనేటోళ్లు. 19వ శతాబ్దంల మెక్సికన్ రైతులు వచ్చి చేతులతోని కాల్వలు తవ్వి పంటలు తీసిన్రు, సాన్ సాలమన్ అన్న పేరు వాళ్లు పెట్టిందే. 1906ల భూముల యాపారం చేసేటోళ్లు వచ్చి ప్లాట్లు గొట్టి ఊరు లేపిన్రు, బాల్కమ్, మూర్, రే అన్న వాళ్ల ఇంటిపేర్లు కలిపి ఊరికి బాల్మోరే అని పెట్టుకున్నరు. రియల్ ఎస్టేట్ అప్పటికెల్లి అట్లనే ఉంది. 1927ల అక్కడి ప్రభుత్వపు సాగునీటి శాఖ బుగ్గ కాడ పూడిక తీసి పెద్ద కాల్వ కట్టింది. అంటే పార్క్ అన్న మాట పుట్టకముందే ఆ నీళ్లకు హక్కుదార్లు ఉన్నరు, ఆయకట్టు ఉంది.

ఇగ 1930లల్ల అమెరికాల పెద్ద ఆర్థిక మాంద్యం. కొలువుల్లేని పిల్లలకు పని చూపెట్టాలని ప్రెసిడెంట్ రూజ్వెల్ట్ 1933ల సివిలియన్ కన్జర్వేషన్ కార్ప్స్ అని ఒకటి పెట్టిండు. మన దగ్గర కరువు పనులు నడిపినట్టే అనుకోండ్రి, కాకపోతే మిలిటరీ పద్ధతిల క్యాంపులల్ల పెట్టి చేయించిన్రు. నెలకు 30 డాలర్ల జీతం, అండ్ల 25 డాలర్ల దాక సీదా ఇంటికే పంపుడు. అసొంటి పిలగాండ్లు 1935ల బాల్మోరేకు వచ్చి గుడారాలేసుకొని, దగ్గరి సున్నపురాయి కొట్టుకొచ్చి, పచ్చి ఇటుకలు చేతితోని చేసుకొని ఆ పూల్, బట్టలు మార్చుకునే గదులు, సాన్ సాలమన్ కోర్ట్స్ అనే వరుస గదులు కట్టిన్రు. కాల్వ ఆ గదుల ముంగటికెల్లే పోతది. కరువు పని అని చెప్పి మట్టి ఎత్తి మట్టి పోసుడు కాకుండ తొంభై ఏండ్లకు గూడ జనం టికెట్ కొనుక్కొని వచ్చే కట్టడం కట్టిన్రు, అది మాత్రం మెచ్చుకోవాలె.

నేను డల్లాస్‌ల మా మేనల్లుని కాడికి పోయినప్పుడు వాళ్లతోని పోయిన. పూల్ గట్టు మీద నిలవడి నీళ్లు బయటికి పోయే దిక్కు చూస్తుంటే వాడొక మాట అన్నడు, "మామా, మనం అనుకునేటట్టు ఇది స్విమ్మింగ్ పూల్ కాదే, కాల్వకు నడుమల ఒక మడుగు కట్టిన్రు గంతే." వాడు సాఫ్ట్‌వేరోడే గాని మాట కరెక్టే. పార్క్ భూమి కొంత సాగునీటి జిల్లా, అంటే ఆయకట్టు నీళ్లు చూసుకునే సంస్థ, ఇచ్చిందే, ఈత కొట్టినంక ఆ నీళ్లన్నీ రీవ్స్ కౌంటీ సాగునీటి జిల్లా కాల్వలల్లకు వోయి వేల ఎకరాల పొలం తడుపుతయి. నీళ్ల మీద హక్కు వాళ్లది, మనం నడుమల మునిగి లేసేటోళ్లం. అది తెలిస్తే మిగిలిన పంచాయతీ సులువుగ అర్థమైతది.

పంచాయతీ మొదలైంది బాల్మోరేల కాదు, తూర్పు దిక్కు యాభై మైళ్ల దూరంల ఫోర్ట్ స్టాక్టన్‌ల. ఆడ కమాంచీ బుగ్గలని ఉండె, టెక్సాస్‌ల పెద్ద బుగ్గలల్ల ఒకటి. 1859ల సైన్యం ఆడ కోట కట్టిందే ఆ నీళ్ల కోసం, ఆ తర్వాత వందమందికి పైన రైతులు వేల ఎకరాలు దానితోనే సాగు చేసిన్రు. ఈత కొలను గూడ ఉండె, 1936కెల్లి ఏటా వాటర్ కార్నివాల్ అని జాతర లెక్క చేసేటోళ్లు. రెండో ప్రపంచ యుద్ధం అయినంక పెద్ద మోటర్లు, లోతు బోర్లు వచ్చినయి. ఊరికి పడమర దిక్కు ఎగువన క్లేటన్ విలియమ్స్ అనే పెద్ద భూస్వామి, ఇంకొందరు, బోర్లేసి తోడుడు మొదలుపెట్టిన్రు. బుగ్గ సన్నవడ్డది. ఆయకట్టు రైతులు కోర్టుకెక్కిన్రు, తరాలుగ మా కాల్వల పారిన నీళ్లని. 1954ల అప్పీలు కోర్టు చెప్పింది ఏందంటే, భూమి మీద పారినప్పుడు మీకు హక్కు ఉంటే ఉండొచ్చు, భూమి కింద ఉన్నంత సేపు అది భూమి ఎవనిదో వానిదే అని. 1960లు వచ్చేటాలకు కమాంచీ బుగ్గలు ఎండిపోయినయి. వాటర్ కార్నివాల్ ఇప్పటికీ నడుస్తది, పూల్‌ల మాత్రం టౌను నీళ్లు నింపుతరు. ఇప్పుడు కొన్ని ఏండ్లల్ల చలికాలం రైతులు మోటర్లు బందు పెట్టిన రోజులల్ల ఆ బుగ్గ మళ్ల కొంచెం కారుతది, ఎండకాలం మోటర్లు ఆన్ కాంగనే బంద్. దీనికన్న సాక్ష్యం ఏ కోర్టుకైనా ఏం గావాలె నాకైతే తెల్వది.

కోర్టు అట్ల ఎందుకన్నదంటే దానికి ఎనుక ఇంకో తీర్పు ఉంది. 1904ల టెక్సాస్ సుప్రీంకోర్టు ముంగట ఒక రైలు కంపెనీ కేసు వచ్చింది. డెనిసన్ అనే ఊర్ల ఇంజన్ల కోసం కంపెనీ 66 అడుగుల లోతు పెద్ద బాయి తవ్వి రోజుకు 25 వేల గ్యాలన్లు తోడితే పక్కన ఈస్ట్ అనేటాయన ఇంటి బాయి ఎండిపోయింది. ఆయన ఓడిపోయిండు. భూమి కింద నీళ్లు ఎటుకెల్లి ఎటు పోతయో ఎవ్వలికి తెల్వది, అసొంటి గుప్తమైన దానికి లెక్క కట్టి తీర్పు ఎట్ల చెప్పాలె అన్నది కోర్టు వాదన. దానికి ఆసరా ఇంగ్లాండ్‌ల 1843ల వచ్చిన ఆక్టన్, బ్లండెల్ కేసు. ఆడ బొగ్గు గని నీళ్లు తోడితే పత్తి మిల్లు బాయి ఎండింది, మిల్లు ఓడింది. పత్తి మిల్లు, బొగ్గు బాయి అంటే మన వరంగల్, భూపాలపల్లి దిక్కు ముచ్చట లెక్కనే ఉంది గాని నిజంగ ఇంగ్లాండ్‌దే.

అదే ఇంగ్లాండ్ సూత్రం మన దిక్కు గూడ వచ్చింది. 1882ల బ్రిటిషోళ్లు చేసిన ఈజ్‌మెంట్స్ చట్టంల ఉంటది, తన భూమి హద్దుల్లోపల కింద ఉన్న నీళ్లు, ఒక వాగు లెక్క పారేటివి కాకుంటే, తోడుకునుడు ఆ భూమి యజమాని హక్కు అని. టెక్సాస్‌ల ఏం జరిగిందో మన దగ్గర గూడ అదే జరిగింది, కాకపోతే ఆడ ఒక పెద్ద భూస్వామి, ఈడ ఇంటికో బోరు. వరంగల్ దిక్కు మొదట చెరువుల మీదనే బతుకు, పాకాల, రామప్ప, లక్నవరం కాకతీయుల కాలం నుంచి ఉన్నయే. చెరువు కింద తరి, పక్కన మోటబాయి, చెరువు నిండితే బాయిల ఊట పెరుగుతది, ఒకదానికొకటి ఆసరా. కరెంటు మోటర్లు వచ్చినంక మోట పోయింది, బోర్లు వచ్చినంక బాయి పోయింది, చెరువుల పూడిక తీసేటోడు లేకుండ అయిండు. ఒకరు రెండు వందల ఫీట్లు ఏస్తే పక్కోడు మూడు వందలు ఏసిండు. బోరు ఫెయిలైతే అప్పు, మళ్ల బోరు, మళ్ల అప్పు, 1990ల ఆఖర్ల పత్తి రైతుల చావులల్ల ఈ అప్పుల బరువు ఎంత ఉందో ఊర్లల్ల అందరికీ యాదికే. 2002ల నీళ్లు, భూమి, చెట్లను కాపాడాలని వాల్టా చట్టం వచ్చింది, బోరు రిజిస్టర్ చెయ్యాలె, మంచినీళ్ల బోరుకు 250 మీటర్ల లోపల ఏసుకోవద్దు అని. కాయితం మీద మంచి చట్టమే. పర్మిషన్ చూసినంకనే రిగ్గు బండి ఊర్లకు వచ్చుడు ఎంతమంది చూసిన్రో మీరే చెప్పండ్రి. 2015కెల్లి మిషన్ కాకతీయ పేరు మీద పూడికలు తీసిన్రు, దేవాదుల నీళ్లు కొన్ని చెరువులకు వచ్చినయి, ఇంకో దిక్కు 2018 జనవరికెల్లి 24 గంటల ఫ్రీ కరెంటు, దాని మంచి దానికుంది గాని మోటరు బందు పెట్టాలన్న ఆలోచన మాత్రం పోయింది. మంగపేట మండలం మల్లూరు గుట్ట కింద చింతామణి జలధార లాంటి బుగ్గలు గట్టు మీద అడివి ఉన్నంత కాలమే అన్న సంగతి గూడ ఈడనే చెప్పాలె.

మళ్ల బాల్మోరేకు వస్తే, ఆ నీళ్లు ఎక్కడికెల్లి వస్తున్నయన్నది గూడ వింతే. వాన పడ్డప్పుడు డేవిస్ గుట్టల మీదికెల్లి కొంత దిగి ఊట పెరుగుతది. కాని ఎప్పటికీ ఆగకుండ వచ్చే నీళ్లు పడమర దిక్కు శానా దూరం నుంచి సున్నపురాయి పొరల పగుళ్లల్లకెల్లి వస్తయి, వేల ఏండ్ల కింద పడ్డ వానలు అవి. అంటే ఎక్కడో దూరంల ఎవలో తోడితే ఈడ తగ్గొచ్చు, తగ్గిందని తెలిసేటాలకు ఏండ్లు పట్టొచ్చు. పక్కనే ఫాంటమ్ లేక్ అనే బుగ్గ ఉండె, అది 2000 అటుఇటు కాలంల సొంతగ పారుడు ఆగిపోయింది, ఇప్పుడు అండ్లున్న చేపల కోసం మోటరు పెట్టి నీళ్లు పైకి తెస్తున్నరు. ఆ చేపల్ల ఒకటి కమాంచీ స్ప్రింగ్స్ పప్‌ఫిష్, రెండు అంగుళాలు ఉంటదేమో. ఫోర్ట్ స్టాక్టన్ బుగ్గ ఎండినంక ఆడ దాని జాతి పోయింది, మిగిలింది ఇక్కడ బాల్మోరే చుట్టుపక్కల నీళ్లల్లనే. పూల్‌ల తిరిగే చేపలల్ల అవి గూడ ఉంటయి, వాటిని 1967ల అమెరికా కాపాడాల్సిన జీవాల లిస్టుల ఎక్కించింది.

2016 సెప్టెంబర్ల అపాచీ కార్పొరేషన్ అనే ఆయిల్ కంపెనీ బాల్మోరే దగ్గర ఆల్పైన్ హై అనే పెద్ద నిక్షేపం దొరికిందని చెప్పింది, 300 కోట్ల బ్యారెళ్ల ఆయిల్, దాంతో గ్యాసు. ఊర్ల సగంమంది కొలువులొస్తయని ఖుష్, సగంమందికి బుగ్గ ఏమైతదో అన్న రంది, ఎందుకంటే రాయి పగులగొట్టి ఆయిల్ తీసే పద్ధతికి నీళ్లు మస్తుగ గావాలె. పార్క్ కింద, ఊరి కింద డ్రిల్లింగ్ చెయ్యమని కంపెనీ మాట ఇచ్చింది. 2018 మే నెలల ఏటా చేసే క్లీనింగ్ కోసం నీళ్లు తీస్తే డైవింగ్ బోర్డు కింద గోడ తెగిపోయి ఉంది, పూల్ మూసిన్రు. రిపేరు ఖర్చు 20 లక్షల డాలర్లని లెక్క తేలితే అండ్ల 10 లక్షలు మ్యాచింగ్ కింద, అంటే మిగిలినోళ్లు ఎంతిస్తే అంత, ఇస్తనని అదే కంపెనీ ముంగటికొచ్చింది. దాన్ని మంచితనమనాలో, పేరు కోసమనాలో ఎవలి ఇష్టం వాళ్లది, గోడైతే లేసింది, 2019ల మళ్ల తెరిచిన్రు. ఆల్పైన్ హైల ఆయిల్ కన్న గ్యాసే ఎక్కువొచ్చింది, ధర లేదు, 2020ల కంపెనీ దాని విలువను లెక్కలల్ల 300 కోట్ల డాలర్ల దాక తగ్గించి రాసుకుంది. బుగ్గకు ఆ గండం అట్ల తప్పింది అనుకోవచ్చు, చట్టంతోని తప్పింది కాదు, మార్కెట్‌తోని తప్పింది. టెక్సాస్‌ల భూగర్భజల జిల్లాలు, అంటే బోర్ల తోడుడు మీద కట్టడి పెట్టే సంస్థలు, పెట్టుకునేందుకు 1949కెల్లి చట్టం ఉంది, ఆయిల్ రిగ్గుకు నీళ్లిచ్చే బోరుకు మాత్రం ఆ జిల్లా పర్మిషన్ అక్కరలేదని మినహాయింపు గూడ ఉంది. మన వాల్టాకు అన్న వరసైతది.

ఇంతకు బుకింగ్ ముచ్చట. జనం ఎక్కువై పార్కింగ్ నిండి గేటు కాడ వాపస్ పంపుడు మొదలైనంక రోజుకు ఇంతమందే అని పెట్టిన్రు, డే పాస్ గూడ ముందే బుక్ చేసుకునుడే నయం, వీకెండ్ అయితే మరీ. క్యాంప్‌సైట్లు కొన్నే. క్లీనింగ్‌కు ఏటా కొన్ని రోజులు మూస్తరు, పోయేముందు చూసుకోవాలె. లైఫ్‌గార్డు ఉండడు, అంచుల మీద పాచికి కాళ్లు జారుతయి, పెద్దోళ్లను పట్టుకొని దింపాలె. సబ్బు, షాంపూ పూల్‌ల వద్దు, చేపలకు పడదు. టెంట్ మేకులు గట్టిగ కొట్టుకోండ్రి, గాలి ఎక్కువ, మూడువేల అడుగుల ఎత్తు కాబట్టి రాత్రి పూట ఎండకాలంల గూడ ఒక దుప్పటి గావాలె. హ్యూస్టన్, శాన్ ఆంటోనియో దిక్కుకెల్లి వచ్చేటోళ్లకు ఫోర్ట్ స్టాక్టన్ తొవ్వలనే పడతది, ఒక అరగంట ఆగి కమాంచీ బుగ్గలు ఉన్న జాగ చూసి పోతే పిల్లలకు ఎక్కువ చెప్పే పనుండది.