పెరుగు మీద పడిన నింద

చేపల పులుసు వండిన రోజు మా అమ్మమ్మ పెరుగు గిన్నె కనపడనిచ్చేది కాదు. రెండూ కలిపి తింటే బొల్లి వస్తుందని ఆవిడ భయం. ఆ భయం చాలా ఇళ్లలో ఇప్పటికీ ఉంది.

బొల్లి అలా రాదు. చర్మానికి రంగునిచ్చే కణాల మీద మన రోగనిరోధక వ్యవస్థే దాడి చేస్తే ఆ మచ్చలు వస్తాయి. బెంగాలీలు చేపను పెరుగులోనే ఉడికించి 'దోయ్ మాఛ్' అని ఇష్టంగా తింటారు. మచ్చలున్న ఆడపిల్లను పట్టుకుని "ఏం కలిపి తిన్నావే?" అని అడిగేవాళ్లను చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

అలాగని చేపా పెరుగూ తిన్నాక ఒళ్లంతా దద్దుర్లు వచ్చాయని చెప్పేవాళ్లు అబద్ధమాడుతున్నారని కాదు. చాలాసార్లు అసలు కారణం చేపలోనే ఉంటుంది. కానాగంతలు, కవళ్లు, ట్యూనా లాంటి సముద్రపు చేపల కండలో హిస్టిడిన్ అనే అమైనో ఆమ్లం ఎక్కువ. పట్టిన చేపను ఐసులో పెట్టకుండా ఎండలో వదిలేస్తే బాక్టీరియా దాన్ని హిస్టమిన్‌గా మార్చేస్తుంది. అలర్జీ వచ్చినప్పుడు మన ఒంట్లో విడుదలయ్యేదీ ఇదే. తిన్న కొద్ది నిమిషాల నుంచి గంట, రెండు గంటల లోపు ముఖం ఎర్రబడి, దురద, తలనొప్పి, కడుపులో మెలిపెట్టే నొప్పి, విరేచనాలు మొదలవుతాయి. పులుసు ఎంత మరిగించినా బాక్టీరియా చస్తుంది కానీ, అప్పటికే తయారైన హిస్టమిన్ పోదు. భోజనం చివర పెరుగన్నం తింటాం కాబట్టి నింద పెరుగు మీద పడుతుంది.

చేప, పెరుగు కడుపులో పడితే అరగక కొట్టుకుంటాయన్నదీ నిజం కాదు. పిండిపదార్థాలకు, మాంసకృత్తులకు, కొవ్వుకు కావలసిన ముఖ్యమైన ఎంజైములను క్లోమం ఒకే రసంలో వదులుతుంది. పప్పన్నం రోజూ అరుగుతోంది కదా! వేపుడు తిన్నాక కడుపు బరువెక్కితే అది నూనె పని. కొవ్వు చిన్నపేగుకు చేరగానే 'కాస్త ఆగు' అని జీర్ణాశయానికి సంకేతం వెళుతుంది, ఖాళీ కావడం ఆలస్యమవుతుంది. పాలు పడనివాళ్లకు లాక్టోజ్ అనే పాలలోని చక్కెర వల్ల ఉబ్బరం రావచ్చు. పెరుగులో అది కొంత తగ్గిపోయి ఉంటుంది కాబట్టి, వాళ్లలో చాలామందికి పాలకన్నా పెరుగే నయం.

జాగ్రత్త పడాల్సింది మార్కెట్ దగ్గర. చేపల సంచి బండికి తగిలించుకుని, కూరగాయలు కొని, దారిలో ఓ టీ తాగి ఇంటికి చేరేసరికి గంటన్నర దాటుతుంది. మే నెల ఎండలో హిస్టమిన్ పెరగడానికి అలాంటి గంటలే అదను. చేపలు చివర్లో కొనండి, ఐసు అడిగి వేయించుకోండి, ఇంటికి రాగానే ఫ్రిజ్‌లో పెట్టండి.

తిన్నాక ఊపిరి ఆడకపోతే, నాలుకో పెదాలో వాస్తే వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాలి. తాజా చేప తిన్నా ప్రతిసారీ దద్దుర్లు వస్తుంటే అది చేపల అలర్జీ కావచ్చు. అప్పుడు డాక్టరుకు పెరుగు సంగతి ఒక్కటే చెప్పి ఊరుకోకండి. ఏ చేప, ఎప్పుడు కొన్నారు, ఎంతసేపు బయట ఉంది అన్నవీ చెప్పండి.