గ్రౌండ్ లేకుండా చేశారర్రా

పిల్లలూ,

ఆడవాళ్ల ఫుట్‌బాల్ లీగులు ఈమధ్య పుట్టినవే కదా అమ్మమ్మా అని అడిగారు. కాదర్రా, వందేళ్ల పైమాటే. ఫోన్‌లో చెప్తే సగం మర్చిపోతాను, అందుకే కూర్చుని రాస్తున్నా.

ఇంగ్లండ్ ఈశాన్యంలో టైన్, వేర్, టీస్ అని మూడు నదులున్నాయి, వాటి ఒడ్డున ఓడలు కట్టే యార్డులు, ఇనుం ఫ్యాక్టరీలు. మొదటి ప్రపంచ యుద్ధానికి మగవాళ్లు వెళ్లిపోయారు, 1915లో మగవాళ్ల ఫుట్‌బాల్ లీగ్ ఆపేశారు, ఫ్యాక్టరీల్లో తూటాలు బాంబులు తయారుచేసే పని ఆడపిల్లల మీద పడింది. మందుగుండు ముట్టీ ముట్టీ కొంతమందికి ఒళ్లు పసుపురంగుకి తిరిగిపోయేదంట, అలాంటి పని చేసి కూడా బంతి ఆడేవాళ్లంటే నాకిప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. 1917లో ఆ మూడు నదుల ప్రాంతం టీములన్నిటికీ కలిపి ఒక కప్పు పెట్టారు, మునిషనెట్స్ కప్ అంటారు, మునిషనెట్స్ అంటే మందుగుండు ఫ్యాక్టరీల్లో పనిచేసే అమ్మాయిలు. టికెట్ డబ్బులు గాయపడ్డ సైనికులకీ వాళ్ల కుటుంబాలకీ వెళ్లేవి.

బ్లైత్ అనే రేవు ఊళ్లో ఓడల్లోకి సరుకెత్తే అమ్మాయిలకి నేవీ వాళ్లు ఇసకలో ఆట నేర్పారు. ఆ టీమే ఫైనల్‌కి వచ్చింది. మొదటిసారి 0-0, మళ్లీ ఆడించారు, 1918 మే 18న మిడిల్స్‌బరోలో, 22 వేల మంది జనం! బ్లైత్ 5-0తో గెలిచింది, అందులో మూడు గోల్స్ బెల్లా రే అనే బొగ్గుగని కార్మికుడి కూతురివి.

అటు పడమటి వైపు ప్రెస్టన్‌లో డిక్ కెర్ ఫ్యాక్టరీ టీమ్ ఇంకా పెద్ద పేరు తెచ్చుకుంది, యుద్ధం అయిపోయాక కూడా ఆడుతూనే ఉంది. 1920 డిసెంబర్ 26న లివర్‌పూల్ గుడిసన్ పార్క్ స్టేడియంలో వాళ్ల ఆట 53 వేల మంది చూశారు, లోపలికి పట్టక బయటే ఉండిపోయినవాళ్లు ఇంకా వేలల్లో.

ఏడాది తిరక్కుండానే, 1921 డిసెంబర్ 5న, ఇంగ్లండ్‌లో ఫుట్‌బాల్‌ని నడిపే ఫుట్‌బాల్ అసోసియేషన్ ఈ ఆట ఆడవాళ్లకి తగదని తీర్మానం చేసింది, విరాళాల డబ్బు ఖర్చుల మీద కూడా ఏవో ఆరోపణలు. ఇక్కడ జాగ్రత్తగా చదవండి, ఆడవాళ్లు ఆడితే జైలు అనలేదు, మా కింద ఉన్న క్లబ్బులేవీ వాళ్లకి గ్రౌండ్ ఇవ్వకూడదు అన్నారు, అంతే. మరి పెద్ద గ్రౌండ్లన్నీ ఆ క్లబ్బులవే కదా, గేటూ గ్యాలరీ లేకపోతే టికెట్ ఎక్కడ అమ్ముతారు, ప్రయాణాలకి డబ్బెలా వస్తుంది, లీగ్ ఏం నిలబడుతుంది చెప్పండి. ఆ నెల్లోనే ఆడవాళ్లు సొంతంగా సంఘం పెట్టుకుని 1922లో ఒక కప్పు కూడా నడిపారు, పాపం ఎక్కువకాలం సాగలేదు. ఎవరూ చూడ్డానికి రావట్లేదని ఆపేసుంటే నాకింత బాధ ఉండేది కాదు.

1969లో మహిళల ఫుట్‌బాల్ సంఘం వచ్చింది, 1971కి గానీ నిషేధం పూర్తిగా పోలేదు. ఆ తర్వాతే ప్రాంతీయ లీగులు మళ్లీ లేచాయి, 1991లో 24 టీములతో నేషనల్ లీగ్ పెట్టారు.

గుడిసన్ పార్క్ రోజుల్లో డిక్ కెర్ టీమ్‌లో లిలీ పార్ అనే పదిహేనేళ్ల పిల్ల ఉంది, ఎడమకాలితో కొడితే బంతి కనపడేది కాదంట. నర్సుగా పనిచేసుకుంటూనే, దొరికిన మైదానంలో 1951 దాకా ఆడింది. పెద్ద గ్రౌండ్ల గేట్లు మళ్లీ తెరిచేసరికి ఆవిడకి అరవై దాటిపోయాయి.

మీ అమ్మమ్మ