ధైర్యం ఉన్నా ఆలోచన ఎందుకు తప్పుతుంది?

1988 జూలై 3న పర్షియన్ గల్ఫ్‌లో అమెరికా యుద్ధనౌక విన్సెన్స్ ఇరాన్ గన్‌బోట్లతో కాల్పుల్లో ఉంది. అదే సమయంలో బందర్ అబ్బాస్ నుంచి దుబాయ్‌కి ఓ ప్రయాణికుల విమానం బయల్దేరింది. నౌక సిబ్బంది దాన్ని యుద్ధవిమానం అనుకున్నారు. అది కిందికి దిగుతూ తమ మీదికే వస్తోందని కొందరు చెప్పారు. రెండు క్షిపణులు వదిలారు. విమానంలోని 290 మందీ చనిపోయారు. తర్వాత నౌక రికార్డులు తీసి చూస్తే విమానం మొదటి నుంచీ పైకే ఎక్కుతోంది! టేకాఫ్ నుంచి కూల్చేదాకా గడిచింది 7 నిమిషాలే. దాడి జరుగుతోందని మనసులో పడిపోయాక, ఎదురుగా ఉన్న అంకెలను కూడా ఆ ఊహకు తగ్గట్టే చదివారు.

మన వరంగల్ వైపు పిల్లాడు ఆర్మీకి వెళ్తానంటే "గుండె ధైర్యం ఉంటే చాలు బిడ్డా" అంటారు. చాలదు. విన్సెన్స్ సిబ్బందికి ధైర్యం తక్కువై అలా జరగలేదు.

ముప్పు కనబడగానే మెదడులోని అమిగ్డలా అనే చిన్న భాగం హెచ్చరిక పంపుతుంది. క్షణాల్లో అడ్రినలిన్ రక్తంలో కలుస్తుంది, గుండె దడదడలాడుతుంది. కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోన్ మాత్రం నెమ్మదిగా పెరిగి 20-30 నిమిషాలకు పతాక స్థాయికి చేరుతుంది. పరుగెత్తడానికో, తిరగబడడానికో ఇది మంచి ఏర్పాటే. చిక్కల్లా నుదుటి వెనక ఉండే ప్రీఫ్రంటల్ కార్టెక్స్‌తో. నాలుగు విషయాలు ఒకేసారి గుర్తుంచుకోవడం, 'ఆగు, ఇంకోసారి చూడు' అని మనల్ని మనమే ఆపుకోవడం దాని పని. నార్‌అడ్రినలిన్, డోపమైన్ అనే మెదడు రసాయనాల మోతాదు మించితే దాని పట్టు సడలుతుంది. అప్పుడు పాత అలవాటే మనల్ని నడిపిస్తుంది.

జ్ఞాపకం కూడా దెబ్బతింటుంది. అమెరికా సైన్యంలో 500 మందికి పైగా సైనికుల మీద జరిపిన అధ్యయనం 2004లో వచ్చింది. శిక్షణలో భాగంగా వాళ్లను ఖైదీల్లా ఉంచి, అరగంటకు పైగా ముఖాముఖి విచారించారు. మర్నాడు వరుసలో నిలబెట్టిన మనుషుల్లోంచి గుర్తుపట్టమంటే, మామూలుగా ప్రశ్నించిన వ్యక్తిని 62 శాతం మంది సరిగ్గా చూపించారు. చేయి చేసుకుని భయపెట్టిన వ్యక్తిని గుర్తుపట్టింది 30 శాతం మందే. భయంలో చూసిన ముఖం మనసులో అచ్చుపడిపోతుందని మనం గట్టిగా నమ్ముతాం. ఆ నమ్మకం మీద సాక్ష్యాలు నిలబెట్టే పోలీసులు, లాయర్లు కూడా ఈ అంకెలు చూడాలి.

దీనికి మందు శిక్షణలోనే ఉంది. తుపాకీ జామ్ అయితే ఏం చేయాలో వందలసార్లు చేయించడం అందుకే. ఆలోచన మందగించినా చేతులు ఆ పని చేసుకుపోతాయి. హనుమకొండ ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్‌లో ఆర్మీ సెలక్షన్ కోసం 1600 మీటర్లు పరుగెత్తే కుర్రాళ్లకు టైమింగ్ ఒక్కటే చాలదు. పరుగు ముగియగానే, ఊపిరి ఇంకా అందకముందే, కోచ్ ఓ మ్యాప్ చేతికిచ్చి భద్రకాళి చెరువు నుంచి ఖిలా వరంగల్‌కు దారి చెప్పమనాలి. మొదట్లో తడబడతారు. గాలి నెమ్మదిగా, పొడవుగా వదలమని చెప్పి మళ్లీ అడగాలి. అలా వదిలితే గుండె వేగం తగ్గుతుంది, టెన్షన్ కాస్త దిగుతుంది. రాత్రి ఫోన్ పక్కన పెట్టి పడుకోమనీ గట్టిగా చెప్పాలి, ఎందుకంటే నిద్ర చాలకపోతే బాగా దెబ్బతినేది కూడా ఆ ప్రీఫ్రంటల్ భాగమే.