చచ్చాక మంచిదని తేలిన ఎద్దు

2010లో అమెరికాలోని ఒక మాంసం ప్లాంటులో, కొక్కేలకు వేలాడుతూ వరసగా కదిలొస్తున్న కళేబరాల్లో రెండు, టై లారెన్స్ అనే ప్రొఫెసర్ కంటబడ్డాయి. ఆయన వెస్ట్ టెక్సస్ ఏ అండ్ ఎం యూనివర్సిటీలో మాంస శాస్త్రం చెబుతారు. అక్కడ గొడ్డు మాంసానికి రెండు రకాల గ్రేడులు వేస్తారు. కండ మధ్యలో సన్నటి కొవ్వు చారలు ఎంత దట్టంగా ఉంటే అంత రుచి అన్నది ఒకటి. అందులో పైమెట్టు ‘ప్రైమ్’. పనికిరాని కొవ్వు కోసి పారేశాక అమ్ముకునే కండ ఎంత మిగులుతుందన్నది రెండోది. ఈ రెంటికీ పొత్తు కుదరదు. లోపలి కొవ్వు కోసం మేపితే పైకొవ్వు కూడా పేరుకుంటుంది. రెండింట్లోనూ పైమెట్టు అందుకునే పశువులు పదివేలకు మూడు. లారెన్స్ చూసినవి ఆ బాపతువే.

చిక్కేమిటంటే, పశువు అంత మంచిదని తెలిసేది కోశాకే. పైగా మాంసానికి పెంచే మగదూడలకు చిన్నప్పుడే విత్తు కొట్టించేస్తారు కాబట్టి దాచిపెట్టుకోవడానికి వీర్యమైనా ఉండదు. లారెన్స్ బృందం ఆ కళేబరాల నుంచే చిన్న ముక్కలు తీసుకుని, కణాలు పెంచి, క్లోనింగ్ చేయించింది. అంటే కేంద్రకం తీసేసిన అండంలో ఆ కణాన్ని కలిపి, అవే జన్యువులున్న నకలును పుట్టించడం. విత్తు కొట్టిన ఎద్దు నుంచి 2012లో ఆల్ఫా అనే ఆబోతు పుట్టింది. రెండో కళేబరం ఒక పెయ్యది. దాని నుంచి గామా అనే పేరుతో మూడు పెయ్యలు వచ్చాయి. ఆల్ఫాకూ గామాలకూ కలిపి 13 దూడలు. వాటిలో ఏడింటిని పెంచి కోస్తే ప్రైమ్ అందుకున్నది ఒక్కటే. మిగతావి దాని కిందిమెట్టు దగ్గరే ఆగిపోయాయి. సగటు పశువుతో పోలిస్తే అవీ మేలైనవే అనుకోండి.

క్లోనింగ్ మాంసం అనగానే ఫ్యాక్టరీలో అచ్చు గుద్దినట్టు ఒకేలా పుట్టుకొచ్చే మంద మన కళ్లముందు మెదులుతుంది. నిజానికి ఒక్కో క్లోన్‌కి వేల డాలర్లు ఖర్చవుతుంది. అంత పోసి పుట్టించినదాన్ని కోసుకుతినే రైతు ఉండడు. అది విత్తనానికి ఉంచుకునే పశువు. జనం పళ్లెంలోకి వచ్చేది దాని బిడ్డలు, మనవలు. ఆ బిడ్డలు మామూలుగా ఒక తల్లికీ తండ్రికీ పుట్టినవే. క్లోనింగ్ తిండి మీద ఇన్నేళ్లుగా సాగుతున్న తగవులో సగం ఈ ఒక్క సంగతి పట్టించుకోకపోవడం వల్ల వచ్చిందే.

2008 జనవరి 15న అమెరికా ఆహార, ఔషధ సంస్థ ఎఫ్‌డీఏ 968 పేజీల నివేదిక బయటపెట్టింది. ఆవులు, పందులు, మేకల క్లోన్ల మాంసం, పాలు మామూలు వాటిలాగే తినదగినవని అందులో తేల్చింది. గొర్రెల గురించి సరిపడా సమాచారం లేదని పక్కన పెట్టింది. లేబుల్ అక్కర్లేదంది. అదే ఏడాది జూలైలో ఐరోపా ఆహార భద్రతా సంస్థ కూడా, ఆవులు, పందుల విషయంలో తిండికి ముప్పు కనబడలేదనే చెప్పింది. దీని మీద నాకు పేచీ లేదు. క్లోనింగ్‌లో కొత్త జన్యువు చేర్చరు, కొత్త ప్రోటీన్ పుట్టదు. ఆ మాటకొస్తే మనం వేసవంతా తినే బంగినపల్లి మామిడి అంటు కట్టి పెంచిన క్లోనే. అరటి పిలకా అంతే. వాటిని చూసి ఎవరమూ జడుసుకోం.

మామిడి అంటుకీ దూడకీ ఉన్న తేడా తల్లి. ఐరోపా సంస్థ తన నివేదికలో ఇంకో వాక్యం కూడా రాసింది, క్లోన్లలో గణనీయమైన భాగానికి ఆరోగ్యం బాగుండటం లేదని. నా దృష్టిలో అసలు చర్చ అక్కడ మొదలవ్వాలి.

క్లోన్ గొర్రె డాలీ లెక్క చాలామందికి తెలిసిందే. స్కాట్లండ్‌లోని రోస్లిన్ ఇన్‌స్టిట్యూట్‌లో 277 అండాల్లో కణాలు కలిపితే 29 పిండాలు నిలబడ్డాయి. వాటిని 13 గొర్రెల గర్భాల్లో పెడితే 1996 జూలై 5న ఒక్క పిల్ల పుట్టింది. పాఠ్యపుస్తకాల్లో ఆ ఒక్క పిల్ల ఫొటో ఉంటుంది, మిగతా 12 గొర్రెల ఊసు ఉండదు. ఆ తర్వాత పద్ధతులు మెరుగయ్యాయి. అయినా ఆవుల్లో, గేదెల్లో గర్భంలో పెట్టిన పిండాల్లో ఎక్కువ భాగం ఇప్పటికీ ఈత దాకా రావు.

ఎందుకు రావంటే, చర్మకణం చర్మంలా ఉండటానికి దాని డీఎన్ఏ మీద రసాయన గుర్తులు పడి ఉంటాయి. ఏ జన్యువు పనిచేయాలి, ఏది నోరు మూసుకోవాలి అనేది వాటిని బట్టే. వీర్యకణం, అండం తయారయ్యేటప్పుడు ఈ గుర్తుల సర్దుబాటుకు నెలలూ ఏళ్లూ పడుతుంది. క్లోనింగ్‌లో అదే పని అండం కొద్ది గంటల్లో చేసుకోవాలి. కొన్ని గుర్తులు చెరగకుండా మిగిలిపోతాయి. వాటి దెబ్బ ముందుగా, కడుపులో దూడకు తిండి అందించే మాయ మీద పడుతుంది. ఆవుకు, గేదెకు మాయ మనుషుల్లోలా ఒకే ముద్దగా ఉండదు, గర్భసంచి గోడకు పదులకొద్దీ చోట్ల బొడిపెల్లా అతుక్కుని ఉంటుంది. క్లోన్ గర్భంలో ఈ బొడిపెలు తక్కువ ఏర్పడి, ఉన్నవి విపరీతంగా ఉబ్బుతాయి. కొన్నిసార్లు నీరు పదుల లీటర్లు అదనంగా చేరి తల్లి లేవలేని స్థితికి వస్తుంది. దూడ మామూలుకన్నా పెద్దదై, కడుపు కోసి తీయాల్సి వస్తుంది. బొడ్డుతాడు లావుగా ఉండి, ఊపిరి అందక మొదటి వారంలోనే పోయే దూడలెన్నో. ఆ గండం దాటినవి మాత్రం బాగానే బతుకుతాయి. డాలీ కణాల నుంచే వచ్చిన నాలుగింటితో సహా 13 క్లోన్ గొర్రెలను ముసలితనంలో పరీక్షించిన నాటింగ్‌హామ్ శాస్త్రవేత్తలు, వాటికి చెప్పుకోదగ్గ జబ్బులేమీ లేవని 2016లో ప్రకటించారు. క్లోన్ బిడ్డలకు ఈ తిప్పలు లేకపోవడానికి కూడా కారణం ఉంది. వాటి తల్లిదండ్రుల్లో అండం, వీర్యకణం తయారైనప్పుడు ఆ పాత గుర్తులు మళ్లీ సక్రమంగా తుడిచిపెట్టుకుపోతాయి.

ఈ పనిలో మన దేశం తక్కువ తినలేదు. హర్యానాలోని కర్నాల్‌లో జాతీయ డెయిరీ పరిశోధన సంస్థ 2009 ఫిబ్రవరి 6న ముర్రా గేదె దూడను క్లోన్ చేసి పుట్టించింది. వారం తిరక్కుండానే అది పోయింది. జూన్‌లో గరిమ పుట్టింది, రెండేళ్లు బతికింది. 2010 ఆగస్టులో పుట్టిన గరిమ-2 పెరిగి, 2013 జనవరి 25న మహిమను ఈనింది. 2023 మార్చి 16న 32 కిలోల బరువుతో గిర్ జాతి ఆవు పెయ్య గంగ పుట్టింది.

గేదెల మీద వాళ్లు వాడిన పద్ధతి చూడముచ్చటైనది. కబేళా నుంచి తెచ్చిన అండాశయాల్లో నుంచి అండాలు తీస్తారు. ఒక్కోటి మిల్లీమీటరులో పదోవంతు ఉంటుంది. పై పొరను ఎంజైముతో కరిగించి, సూక్ష్మదర్శిని కింద పెట్టి, కేంద్రకం ఉన్న అంచును చేత్తో, సన్నటి బ్లేడుతో కోసేస్తారు. కేంద్రకం పోయిన అలాంటి రెండు అండాల మధ్య దాత గేదె కణాన్ని ఇరికించి, కరెంటు తగిలించి ముగ్గురినీ ఒకటి చేస్తారు. వారం రోజులకు అది పిండంగా ఎదిగితే గేదె గర్భంలోకి పంపుతారు. లక్షలు పోసే యంత్రం బదులు చేతివాటంతో నడిచే పని. అంత ఓపిక ఉన్నవాళ్లను మెచ్చుకోకుండా ఉండలేం.

ఐరోపాలో మాత్రం దారి వేరు. అమెరికా క్లోన్ ఆవు పిండాల నుంచి స్కాట్లండ్‌లో పెరిగిన ఆబోతుల్లో ఒకటి మాంసమై జనం కడుపుల్లోకి చేరిందని 2010 ఆగస్టులో బయటపడి గొడవైంది. ఎవరికీ ఏమీ కాలేదు. కానీ ఆ మాంసాన్ని ఏ ల్యాబులో పెట్టినా క్లోన్ బిడ్డదని తేలదు, చూడాల్సింది కాగితాలే. క్లోన్ల సంతానానికి లేబుల్ వేయాలా వద్దా అన్న దగ్గర 2011లో చర్చలు చెడిపోయాయి. 2015 సెప్టెంబరులో ఐరోపా పార్లమెంటు క్లోన్లనూ వాటి సంతానాన్నీ నిషేధించాలని 529–120 ఓట్లతో కోరింది, కానీ అది చట్టం కాలేదు.

ఇంత కష్టం ఎందుకంటే డబ్బు. బ్రెజిల్ మందల్లో సింహభాగం నెలోర్ జాతి, అంటే మన నెల్లూరు, ఒంగోలు ప్రాంతాల నుంచి వెళ్లిన పశువుల సంతతి. 2023లో వియాటినా-19 అనే నెలోర్ ఆవుకు పలికిన విలువ దాదాపు 40 లక్షల డాలర్లు. అంత ఖరీదైన పశువును క్లోన్ చేసి ఉంచుకోవడం బీమా లాంటిదని యజమానులు అనుకుంటారు.

కానీ మంద మొత్తం బాగుపడాలంటే ఇది మందకొడి దారి. అమెరికాలో 1962లో పుట్టిన చీఫ్ అనే హోల్‌స్టీన్ పాలజాతి ఆబోతుకు కృత్రిమ గర్భధారణ ద్వారా 16,000 మంది కూతుళ్లు. ఆ జాతి జన్యువుల్లో 14 శాతం దానివే. దాంట్లో దాగిన ఒక లోపం రెండు వైపుల నుంచీ కలిస్తే పిండం నిలవదు. దానివల్ల ఐదు లక్షలకు పైగా గర్భస్రావాలు జరిగాయనీ, 42 కోట్ల డాలర్ల నష్టమనీ 2016లో అంచనా కట్టారు. చీఫ్ వల్ల పెరిగిన పాల విలువ దానికి ఎన్నో రెట్లు, అదీ నిజమే. క్లోనింగ్ లేకుండానే ఒక్క ఆబోతు ఇంత చేస్తే, దానికి పది నకళ్లు ఉంటే? ఇక 2009 నుంచి దూడ రక్తంలోనో వెంట్రుకల్లోనో డీఎన్ఏ చూసి అది ఎలాంటి సంతానాన్నిస్తుందో అక్కడ చెప్పేస్తున్నారు. మేటి ఆబోతుల విషయంలో తండ్రికీ కొడుకుకీ మధ్య ఎడం ఏడేళ్ల నుంచి రెండున్నరేళ్ల లోపుకి కుదించుకుపోయింది. దూడలు తండ్రుల్ని దాటిపోతున్న చోట నిన్నటి ఛాంపియన్‌కి నకలు తీస్తే ఏమొస్తుంది?

మన దగ్గర కథ కాస్త వేరు. సంతానం పాల లెక్క తేలిన ముర్రా దున్నపోతులు తక్కువ, ఆ లెక్కలు రాసే ఏర్పాటే అంతంతమాత్రం. అందుకే ఏళ్ల కిందట చనిపోయిన మేటి దున్నపోతు నిల్వ వీర్యంలోని కణాల నుంచి కర్నాల్‌లో క్లోన్ పుట్టించడం నాకు అర్థముంది అనిపిస్తుంది. అంతకన్నా ముందు ఇంటింటా పాల లెక్క రాయించడం మీద డబ్బు పెడితే ఎక్కువ ఫలితమనీ అనిపిస్తుంది.

మన ఊళ్లో గేదె ఎదకొస్తే గోపాలమిత్ర ద్రవ నత్రజని క్యాను తెరిచి తీసే వీర్యం స్ట్రా మీద దున్నపోతు నంబరు ఇప్పటికే అచ్చు వేసి ఉంటుంది. ఆ నంబరు వెతికితే అది క్లోనో కాదో, దాన్ని పుట్టించడానికి ఎన్ని గేదెల గర్భాల్లో పిండం పెట్టారో, ఎన్ని దూడలు పోయాయో కనిపించేలా రిజిస్టరు పెట్టడం పెద్ద ఖర్చు కాదు.