కాన్సో రేవు పాటగాడు: పిల్లలకు ఒక ఉత్తరం

ప్రియమైన పిల్లలకు,

కిందటి ఆదివారం తెలుగు తరగతిలో మీలో ఒకరు అడిగారు కదా, "ఎప్పుడో పోయిన మనిషి పాటలు మా బడిలో ఇంకా ఎందుకు పాడిస్తున్నారు తాతయ్యా?" అని. ప్రశ్న బాగుంది. నిలబడి రెండు ముక్కల్లో తేల్చేసే ప్రశ్న కాదు. అందుకని తీరిగ్గా కూర్చుని ఇది రాస్తున్నాను. పొడుగైతే విసుక్కోకండి.

ఆ మనిషి పేరు స్టాన్ రోజర్స్. కెనడాలో మనం ఉంటున్న ఈ హామిల్టన్ ఊళ్లోనే 1949 నవంబరు 29న పుట్టాడు. 1983 జూన్ 2న పోయాడు. అంటే 33 ఏళ్లు. మీ నాన్నలందరూ ఆ వయసు దాటేశారు. ఆరడుగుల నాలుగంగుళాల మనిషి, గడ్డం, అప్పటికే పల్చబడ్డ జుట్టు, కింది స్థాయిలో గంభీరంగా మోగే గొంతు. సముద్రం పాటలకు కెనడాలో ఇతణ్ణి మించినవాడు లేడంటారు గానీ, స్టాన్ సముద్రం మీద బతికినవాడేమీ కాదు. తండ్రి తాపీమేస్త్రి. అమ్మానాన్నలిద్దరిదీ నోవా స్కోషియా, తూర్పు సముద్రం ఒడ్డున ఉండే రాష్ట్రం. అక్కడ పనుల్లేక ఈ ఉక్కు ఫ్యాక్టరీల ఊరికి వచ్చారు. మీ అమ్మానాన్నలు కూడా పని కోసమే కదా ఇంత దూరం వచ్చింది!

వేసవి వస్తే పిల్లల్ని వెంటబెట్టుకుని సొంతవైపు కాన్సోకు వెళ్లేవాళ్లు. కాన్సో అట్లాంటిక్ ఒడ్డున చేపల రేవు. స్టాన్‌కు ఐదేళ్లప్పుడు మేనమామ తన చేత్తో ఒక చిన్న గిటారు చేసిచ్చాడట. పెద్దవాళ్లు వంటింట్లో చేరి పాడుకుంటుంటే విని పెరిగాడు. కాస్త ఎదిగాక అందరిలాగే అప్పటి ఫ్యాషన్ పాటలు కట్టాడు, ఒక పెద్ద కంపెనీ ఒకటి రెండు రికార్డులు కూడా వేసింది. వాటినెవరూ పట్టించుకోలేదు. అప్పుడు కాన్సోలో ఉండే ఆంటీ జూన్ అనే పెద్దావిడ, ఈ ఊరి మీద పాటలు కట్టరాదా అని పోరింది. ఆవిడ మాట విని కట్టిన పాటలే అతని మొదటి ఆల్బమ్ అయ్యాయి. 1976లో రికార్డు చేసిన ఆ ఆల్బమ్‌కు అక్కడి ఒక చిన్న సముద్రపు పాయ పేరే పెట్టాడు, ఫోగర్టీస్ కోవ్ అని. ఆంటీ జూన్ లేకపోతే నేనీ ఉత్తరం రాసే పని ఉండేది కాదు.

ఇక మీ ప్రశ్నకు వస్తాను. ఇతని పాటలు ఎందుకు నిలిచాయి? గొంతు బాగుంటే సరిపోతుందా? మంచి గొంతులు బోలెడు వచ్చాయి, పోయాయి. స్టాన్ రెండు పనులు చేశాడు. ఒకటి, ఎవరి మీద పాట కడితే వాళ్ల పని ఏమిటో కూర్చుని తెలుసుకున్నాడు. రెండోది, వినేవాళ్లు గొంతు కలపడానికి పాటలో చోటు వదిలాడు.

మొదటిది చూడండి. అతని పాటల్లో రాజులూ రాణులూ ఉండరు. వాళ్లమ్మ పేరు పెట్టుకున్న పడవను ఒక్క పూటలో సముద్రానికి పోగొట్టుకున్న జాలరి ఉంటాడు. అప్పు, వాన, వయసు మూడింటినీ లెక్క వేసుకుంటూ దున్నే సస్కాచువాన్ రైతు ఉంటాడు. పిల్లలు బడి బస్సెక్కి వెళ్లాక కాఫీ కప్పు పట్టుకుని, అద్దంలో తన ముఖం మీది గీతలు చూసుకునే పశువుల రైతు భార్య ఉంటుంది. ముప్పై ఏళ్లు దాటీ దాటని మగవాడికి ఆవిడ మనసు ఎలా దొరికిందో నాకిప్పటికీ ఆశ్చర్యమే. నాకు మరీ ఇష్టమైనది ఇంకో పాట. తూర్పు తీరం కుర్రాడొకడు, ఊళ్లో పని దొరక్క, ఊరికే కూర్చుని ప్రభుత్వ భత్యం తినడం ఇష్టం లేక, ఎక్కడో పడమట ఆల్బర్టా రాష్ట్రంలో చమురు శుద్ధి కర్మాగారంలో రాత్రి షిఫ్టుకు వెళ్తాడు. అక్కడి గాలి కంపు. ఊరు గుర్తొస్తుంది. అయినా తన కూడు తను సంపాదించుకుంటున్నానని తలెత్తుకుని ఉంటాడు. గల్ఫుకు వెళ్లిన మన కరీంనగర్, కడప కుర్రాళ్లకు తెలుగులో పాడి వినిపిస్తే, ఇది మా పాటే అంటారు.

ఇవన్నీ జాలిపాటలు అనుకోకండి. జాలిపడితే పాట మెత్తబడిపోతుంది. స్టాన్ వాళ్ల చేతిపనిని గౌరవించాడు. పడవ ఇంజన్ ఏ రకమో, వల ఎక్కడ వేస్తారో, ఏ చేప ఎటు ఎగుమతి అవుతుందో అన్నీ సరిగ్గా చెబుతాడు. మన ఈరీ సరస్సులో జాలర్లు పట్టే చిట్టి చేపలు జపాన్‌కు వెళ్లడం మీద కూడా ఒక పాట ఉందంటే చూడండి!

రెండోది వంత. మా కృష్ణా తీరంలో వల లాగేటప్పుడు ఒకడు పాట ఎత్తుకుంటే మిగతావాళ్లు "హైలెస్సా" అని అందుకుంటారు. నాట్లలోనూ అంతే, ఒకామె చెబితే పదిమంది అంటారు. స్టాన్ అదే పద్ధతిని కచేరీ హాలుకు తెచ్చాడు. 'బారెట్స్ ప్రైవటీర్స్' అనే పాటలో ఒక్క వాద్యమూ ఉండదు. మధ్య మధ్య అందరూ అరిచి పాడే మాటలుంటాయి. 1778లో దోపిడీ ఓడ ఎక్కి, కాళ్లు పోగొట్టుకుని హాలిఫాక్స్ రేవులో మిగిలిన ఒక కుర్రాడి కథ అది. నిజానికి కట్టింది 1976లో. అయినా అది రెండు వందల ఏళ్ల నాటి జానపద గీతమనే చాలామంది నమ్ముతారు. పాట కట్టినవాడికి అంతకన్నా బిరుదు ఏముంటుంది!

'నార్త్‌వెస్ట్ పాసేజ్' మీరు బడిలో పాడుతున్న పాట. 1845లో ఫ్రాంక్లిన్ అనే నావికుడు, ఆ పేరుతో పిలిచే ఉత్తరపు సముద్ర దారిని వెతుకుతూ రెండు ఓడల్లో బయల్దేరి ఆర్కిటిక్ మంచులో చిక్కుకుపోయాడు, 129 మందిలో ఒక్కరూ తిరిగి రాలేదు. ఆ కథను, కారులో ఈ దేశం అడ్డంగా దాటే మనిషి ప్రయాణంతో ముడేశాడు. దాన్ని రెండో జాతీయ గీతం అంటుంటారు. గొప్ప పాటే, కాదనను. కానీ రాత్రి షిఫ్టు కుర్రాడి పాటే నాకు దగ్గర.

ఇప్పుడు జాగ్రత్తగా చదవండి, అసలు సంగతి ఇక్కడుంది. స్టాన్‌ది 'మేరీ ఎలెన్ కార్టర్' అని ఒక పాట. ఆ పేరుగల ఓడ మునిగిపోతుంది. యజమానులు బీమా డబ్బు పుచ్చుకుని, పాతది కదా, పోతే పోయిందని వదిలేస్తారు. పనివాళ్లు ఒప్పుకోరు. తమ ప్రాణాలు కాపాడిన ఓడ అది. నీళ్లలోకి దిగి, చిల్లులు పూడ్చి, దాన్ని పైకి తేవడానికి రోజుల తరబడి కష్టపడతారు. వంతలో "మళ్లీ లే" అని అరుస్తారు. చివరి చరణంలో ఆ మాట ఓడకు కాదు, బతుకులో దెబ్బతిన్న ప్రతివాడికీ చెబుతాడు.

1983 ఫిబ్రవరి 12 తెల్లవారుజామున, అమెరికాలోని వర్జీనియా తీరానికి దూరంగా, 'మెరైన్ ఎలెక్ట్రిక్' అనే బొగ్గు ఓడ తుపానులో తిరగబడింది. ముసలి ఓడ. సరుకు గదుల మీది ఇనుప మూతలు తుప్పు పట్టి, అతుకులు వేసి నెట్టుకొస్తున్నారు. ఓడలో 34 మంది. చుట్టూ గడ్డకట్టించే నీళ్లు. కెప్టెన్ తర్వాతి స్థానంలో ఉండే చీఫ్ మేట్ బాబ్ క్యూసిక్‌కు అప్పటికి 59 ఏళ్లు. నీళ్లు నిండిన ఒక లైఫ్‌బోటును పట్టుకుని ఉన్నాడు. అల తర్వాత అల నెత్తిమీద విరుగుతోంది. వదిలేద్దామనిపించినప్పుడల్లా ఈ పాట వంతను అరుస్తూ పాడుకున్నాడు. నీళ్లు ముంచేసినప్పుడు ఊపిరి బిగబట్టడం, పైకి తేలగానే మళ్లీ అందుకోవడం. తెల్లారాక హెలికాప్టర్ వచ్చేదాకా అదే పని. 34 మందిలో బతికింది ముగ్గురు. వాళ్లలో ఆయనొకరు. తర్వాత ఆయన ఈ సంగతంతా స్టాన్‌కు ఉత్తరం రాశాడు.

క్యూసిక్ అంతటితో ఊరుకోలేదు. ఓడ పరిస్థితి ఎంత అధ్వానంగా ఉండేదో విచారణలో సాక్ష్యం చెప్పాడు. ఆ ప్రమాదం తర్వాతే చల్లటి సముద్రాల్లో తిరిగే అమెరికా ఓడల్లో ఒంటిని వెచ్చగా ఉంచే సూట్లు తప్పనిసరి చేశారు. హెలికాప్టర్ నుంచి నీళ్లలోకి దూకి మనుషుల్ని కాపాడే ఈతగాళ్ల దళాన్ని అక్కడి కోస్ట్‌గార్డ్ పెట్టుకున్నదీ అప్పుడే.

అదే ఏడాది, నాలుగు నెలలైనా తిరక్కుండా, స్టాన్ టెక్సస్‌లోని కెర్‌విల్ జానపద సంగీతోత్సవంలో పాడి ఇంటికి బయల్దేరాడు. డాలస్ నుంచి టొరంటో మీదుగా మాంట్రియల్ వెళ్లే ఎయిర్ కెనడా 797 విమానం, డీసీ-9 రకం. మధ్యలో వెనకవైపు మరుగుదొడ్డి దగ్గర పొగ మొదలైంది. నిప్పు ఎలా పుట్టిందో విచారణలోనూ తేలలేదు. పైలట్లు పొగలోనే సిన్సినాటీ విమానాశ్రయంలో దించగలిగారు. సిబ్బంది ముందుగానే తడి తువ్వాళ్లు పంచి, ముక్కుకూ నోటికీ అడ్డం పెట్టుకోమన్నారు. తలుపులు తెరిచాక బయటి గాలి లోపలికి రావడంతో నిమిషం, నిమిషంన్నరలోపే లోపలంతా భగ్గుమంది. 46 మందిలో సగం, 23 మంది పోయారు. స్టాన్ ఆ సగంలో ఉన్నాడు. అతని చివరి క్షణాల గురించి రకరకాల కథలు చెప్పుకుంటారు. చూసి చెప్పినవి కావు కాబట్టి మీకు చెప్పను.

మీరు ఇండియాకు వెళ్లేటప్పుడు విమానంలో నేల మీద, దారి పొడవునా చిన్న దీపాల వరస చూసి ఉంటారు. దట్టమైన పొగలో కళ్లు కనిపించకపోయినా నేలకు దగ్గరగా పాకుతూ తలుపు చేరడానికి అవి. మరుగుదొడ్లలో పొగను పసిగట్టే యంత్రాలు, అక్కడి చెత్తడబ్బాల్లో తమంతట తామే పనిచేసే మంటలార్పే సాధనాలు, సీట్ల దిండ్లకు తొందరగా అంటుకోని గుడ్డ, వీటన్నిటికీ నిబంధనలు ఆ ప్రమాదం తర్వాత గట్టిపడ్డాయి. ఇది స్టాన్ చేసిన పని కాదు, అతనితోపాటు పోయిన అందరి చావులోంచి వచ్చింది. కానీ ఈసారి విమానం ఎక్కినప్పుడు ఆ దీపాలు ఎక్కడున్నాయో చూసుకోండి. ఎయిర్‌హోస్టెస్ చెబుతున్నప్పుడు ఫోను పక్కన పెట్టండి. ఇది తాతయ్య మాటగా వినండి.

అతని అస్థికలను నోవా స్కోషియా దగ్గర అట్లాంటిక్‌లో కలిపారు. ఇంట్లోవాళ్లు పాటల్ని పెట్టెలో పెట్టి తాళం వేయలేదు. రికార్డుల వ్యవహారం చూసుకుంటూ వచ్చిన అమ్మ వాలరీ దాన్ని కొనసాగించింది. అతని ఆఖరి ఆల్బమ్, మంచినీళ్ల సరస్సుల మీద కట్టిన పాటలు, పోయిన మరుసటి ఏడు 1984లో వచ్చింది. పక్కన ఫిడేలు వాయిస్తూ వచ్చిన తమ్ముడు గార్నెట్ సొంతంగా పాడడం మొదలుపెట్టాడు. తండ్రి పోయేనాటికి నాలుగేళ్లు నిండని కొడుకు నేథన్ పెద్దయ్యాక తానూ జానపద గాయకుడయ్యాడు. 2021లో కెనడా తపాలా శాఖ స్టాన్ బొమ్మతో స్టాంపు వేసింది.

స్టాంపు సంగతి సరే, నాకు నచ్చింది కాన్సో చేసిన పని. సముద్రంలో కాడ్ చేపలు అడుగంటి, 1992లో ప్రభుత్వం న్యూఫౌండ్‌లాండ్ వైపు ఆ వేట ఆపేసింది. మరుసటి ఏడు నోవా స్కోషియా తూర్పు జలాల్లోనూ ఆగింది. చేపలే ఆధారమైన ఊళ్లు ఖాళీ అవడం మొదలైంది. ఒకప్పుడు ఊరి మీద పాటలు కట్టమని పోరిన కాన్సో, 1997లో అతని పేరు మీదే సంగీతోత్సవం మొదలుపెట్టింది. వెయ్యి మంది కూడా లేని ఊరికి జులై నెలల్లో వేలమంది వచ్చి గుడారాలు వేసుకున్నారు. ఊరివాళ్లే వచ్చినవాళ్లకు అన్నీ చూశారు. చేపలు తీసుకుపోయిన డబ్బంతా పాటలు తిరిగి తెచ్చాయని చెప్పను, అది అబద్ధం. ఏడాదికి కొన్ని రోజులైనా ఊరు కిటకిటలాడింది, ఆ మాట మాత్రం నిజం.

ఇక మీ పని. ముందు 'మేరీ ఎలెన్ కార్టర్' వినండి. రెండోసారి వంత మీరే అందుకోండి, ఊరికే వినేవాళ్లకు ఆ పాట సగమే దొరుకుతుంది. అద్దం ముందు నిలబడ్డ ఆవిడ పాట మీకిప్పుడు అర్థం కాదు. దాన్ని అమ్మకు పెట్టి, మీరు అవతలి గదిలోకి వెళ్లండి. 'బారెట్స్ ప్రైవటీర్స్' వంతలో ఒక తిట్టుంది. ఇంట్లో పెద్దవాళ్లను అడిగాకే పాడండి. తరగతిలో మాత్రం నేనున్నప్పుడు ఆ ఒక్క మాట దగ్గర చప్పట్లు కొట్టి దాటేద్దాం.

ఉంటాను.

మీ
తెలుగు తరగతి తాతయ్య