వీపున మోసే ఇంజిను: పిల్లలకు ఉత్తరం

చిరంజీవులైన పిల్లలకు,

మీ తాతయ్య ఆశీస్సులు. నేను గంటసేపు గాలిలో తిరిగి వచ్చి, ఆ తరువాత రెండు గంటలు పారామోటార్ (వీపుకు ఇంజిను తగిలించుకుని, పారాగ్లైడరు అనే గుడ్డ రెక్క కింద ఎగిరే సాధనం) ఇంజిను ముందు కూర్చోవడం చూసి, "బాగానే నడుస్తున్న దాన్ని మళ్లీ ఎందుకు విప్పుతున్నావు తాతయ్యా?" అని మీరు అడిగారు. చేతులకు ఆయిలు, మనసంతా పని మీద ఉండడంతో అప్పుడు సరిగా చెప్పలేకపోయాను. అది మంచి ప్రశ్న కాబట్టి ఇప్పుడు తీరికగా జవాబు రాస్తున్నాను.

ముందు ఆ ఇంజిను ఎంత కష్టపడుతుందో తెలియాలి. పారామోటార్లలో ఎక్కువగా వాడేవి 80 సీసీ నుంచి 200 సీసీ వరకు ఉండే, గాలితోనే చల్లబడే టూ స్ట్రోక్ ఇంజిన్లు. పూర్తి థ్రాటిల్ (యాక్సిలరేటరు) ఇచ్చినప్పుడు అవి నిమిషానికి సుమారు 8,000 సార్లు, అంటే సెకనుకు 130 సార్లకు పైగా తిరుగుతాయి. ప్రొపెల్లరు అంత వేగంగా తిరగకూడదు కనుక మధ్యలో ఉన్న బెల్టో, గేర్లో ఆ వేగాన్ని దాదాపు మూడో వంతుకు తగ్గిస్తాయి. అలా తగ్గించిన తరువాత కూడా, 125 సెంటీమీటర్ల ప్రొపెల్లరు నిమిషానికి 2,900 సార్లు తిరిగితే దాని అంచు గంటకు దాదాపు 680 కిలోమీటర్ల వేగంతో పోతూ ఉంటుంది. ఇంత అదురును భరించే యంత్రంలో ప్రతి నట్టూ ప్రతి క్షణం వదులు కావడానికే చూస్తుంది. పైగా ప్రొపెల్లరు మనిషి వీపు వెనుక, ఇంజిను వైపు నుంచి గాలిని లాక్కుంటూ తిరుగుతుంది కనుక, ఇంజిను మీద ఏది ఊడినా అది నేల మీద పడే లోపే ప్రొపెల్లరులోకి పోయే ప్రమాదం ఉంది.

నాకు ఒకసారి అదే జరిగింది. సైలెన్సరును గొట్టానికి బిగించి పట్టే చిన్న స్ప్రింగులు మీరు చూశారు కదా. వాటిలో ఒకదాని కొక్కెం దగ్గర లోహం అరిగి, గోటి అంచంత మేర కొత్త నాణెంలా మెరవడం ముందురోజు సాయంత్రం నా కంట పడింది. "రేపు ఎగిరి వచ్చాక మారుద్దాం" అనుకున్నాను. మరునాడు ఉదయం గాలిలో ఉండగా వెనుక నుంచి రాయి తగిలినట్టు ఒక్క చప్పుడు వచ్చి, వెంటనే వీపంతా అదరసాగింది. ఇంజిను ఆపేశాను. ఇంజిను ఆగినంత మాత్రాన పారాగ్లైడరు కూలిపోదు. మెల్లగా జారుతూ కిందికి వస్తుంది. దిగడానికి వీలైన ఖాళీ పొలం అందేంత దూరంలోనే ఎగురుతున్నాను కాబట్టి క్షేమంగా దిగాను. చూస్తే ఆ కొక్కెం తెగి, స్ప్రింగు ముక్క ప్రొపెల్లరు అంచును రెండు వేళ్ల వెడల్పున కొరికేసింది. ఆ తప్పు పూర్తిగా నాదే. ఆనాటి నుంచి ప్రతి స్ప్రింగు లోపలి నుంచి సన్నని స్టీలు తీగను పోనిచ్చి ముడి వేస్తున్నాను. తెగినా ఆ తీగ దాన్ని పట్టి ఉంచుతుంది. స్ప్రింగు చుట్ల మీద వేడికి తట్టుకునే సిలికాన్ పూస్తే అదురు తగ్గి, కొక్కేలు అంత త్వరగా అరగవు.

అందుకే నా పని చూడడంతోనే మొదలవుతుంది. ఇంజిను పూర్తిగా చల్లారిన తరువాత, స్పార్క్ ప్లగ్ క్యాపు ఊడదీసి పక్కన పెట్టకుండా నేను ప్రొపెల్లరు మీద చెయ్యి వేయను. ఆ తరువాత గుడ్డతో ఇంజినంతా తుడుస్తాను. శుభ్రంగా కనిపించడం కోసం కాదు. మురికి కింద పగుళ్లు దాగి ఉంటాయి కాబట్టి. తుడిచే ముందు మాత్రం ఒక్క నిమిషం ఆగి మురికినే చూస్తాను, ఎందుకంటే అది చాలా సంగతులు చెబుతుంది. వాషరు చుట్టూ బూడిద రంగు పొడి సన్నని వలయంలా పేరుకుందంటే అక్కడ రెండు లోహాలు ఒకదానితో ఒకటి ఒరుసుకుంటున్నాయని, అంటే బోల్టు వదులైందని అర్థం. ఇంజినును ఫ్రేముకు పట్టి ఉంచే రబ్బరు దిమ్మల దగ్గర నల్లని పొడి రాలుతుంటే ఆ రబ్బరు చిరుగుతోందన్నమాట. సిలిండరు హెడ్డు అంచున నల్లని జిడ్డు చార కనిపిస్తే లోపలి వాయువు బయటికి కారుతోందని అనుమానించాలి. బిగించిన ప్రతి ముఖ్యమైన నట్టు మీదుగా, అది కూర్చున్న లోహం మీదికి ఎర్ర పెయింటుతో ఒక గీత గీసి ఉంచాను. ఆ గీత విరిగితే నట్టు తిరిగినట్టే. పానాతో పట్టి చూడకుండానే ఒక్క చూపులో తెలిసిపోతుంది.

ఇక ఆయిలు సంగతి కొంచెం ఓపికగా చదవండి. మోటారు సైకిలులో ఆయిలు ఇంజిను అడుగున వేరుగా ఉంటుంది. ఈ టూ స్ట్రోక్ ఇంజినుకు అలాంటి ఏర్పాటు లేదు. పెట్రోలులో కలిపిన ఆయిలే లోపలికి వెళ్లి పిస్టనును, బేరింగులను తడుపుతుంది. తయారీదారు 2 శాతం కలపమంటే 5 లీటర్ల పెట్రోలుకు 100 మిల్లీలీటర్లు, 2.5 శాతం అంటే 125 మిల్లీలీటర్లు. నేను కంటితో అంచనా వేయకుండా కొలపాత్రతోనే కొలుస్తాను. ఇక్కడ గమనించవలసింది ఏమిటంటే, పెట్రోలు తగ్గితే ఆయిలు కూడా దానితోపాటే తగ్గుతుంది. పైపులో ఎక్కడో సన్నని చీలిక వచ్చి గాలి చొరబడినా, ఫిల్టరులో నలకలు చేరినా, ఇంజినులోకి పెట్రోలు తక్కువగా, గాలి ఎక్కువగా పోతుంది. అప్పుడు మంట వేడెక్కుతుంది, ఆయిలు చాలదు, పిస్టను ఉబ్బి సిలిండరు గోడను పట్టేస్తుంది. ఇంజిను సీజ్ అయిందని మెకానిక్కులు అనేది దీన్నే. విచిత్రమేమిటంటే, అలా పట్టేయడానికి కాస్త ముందు ఇంజిను మామూలుకన్నా హుషారుగా తిరుగుతున్నట్టు అనిపించవచ్చు. చలికాలంలో గాలి చిక్కబడుతుంది కనుక, ఎండాకాలంలో సరిపోయిన కార్బురేటరు (పెట్రోలును గాలితో కలిపే భాగం) సెట్టింగే అప్పుడు పెట్రోలు చాలనిదిగా మారుతుంది.

ఇలాంటి లోపాన్ని పట్టి ఇచ్చేది స్పార్క్ ప్లగ్. దాని కొనలోని తెల్లని పింగాణీ లేత కాఫీ రంగులో ఉంటే నాకు నిశ్చింత. తెల్లగా పాలిపోయి ఉంటే వేడి ఎక్కువవుతోందని, నల్లగా తడిగా ఉంటే పెట్రోలో ఆయిలో ఎక్కువవుతోందని అనుమానిస్తాను. అయితే ఆ రంగు ఒక్కదాన్నే నమ్మను. సిలిండరు హెడ్డు ఉష్ణోగ్రత చూపే మీటరుతో పోల్చి చూస్తాను. ప్లగ్‌ను వేడి ఇంజిను నుంచి ఎప్పుడూ విప్పకూడదు, ఎందుకంటే వేడి మీద ఉన్న అల్యూమినియం మర ప్లగ్‌తోపాటే ఊడివచ్చే ప్రమాదం ఉంది. తిరిగి పెట్టేటప్పుడు మొదటి చుట్లు వేళ్లతోనే తిప్పాలి. అడ్డంగా ఎక్కుతుంటే వేళ్లకు తెలుస్తుంది కానీ పానాకు తెలియదు.

కార్బురేటరు మీకు బాగా నచ్చుతుందని నాకు నమ్మకం. చాలా పారామోటార్లలో తేలే బంతి ఉన్న కార్బురేటరు ఉండదు. ఇంజిను ఎటు ఒరిగినా పనిచేసేలా డయాఫ్రమ్ అనే పలుచని పొరలు ఉంటాయి. పిస్టను కింద ఉండే క్రాంక్ కేసు అనే గదిలో పిస్టను కదలిక వల్ల పుట్టే ఒత్తిడి తరంగాలే ఒక పొరను కొట్టుకునేలా చేసి పెట్రోలును పైకి తోడుతాయి. రెండో పొర ఇంజిను ఎంత పీల్చుకుంటోందో గ్రహించి, చిన్న మీటను నొక్కి, సూదిలాంటి వాల్వును ఆ మేరకు తెరుస్తుంది. వేరే యంత్రమేదీ లేకుండా ఒక పలుచని పొర ఇంత లెక్కగా పనిచేయడం నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరుస్తుంది. కాలం గడిచేకొద్దీ, ముఖ్యంగా ఇథనాల్ కలిసిన పెట్రోలు వల్ల, ఆ పొర బిరుసెక్కుతుంది. అప్పుడు ఇంజిను స్టార్టు కావడానికి మొరాయిస్తుంది, థ్రాటిల్ ఇవ్వగానే తడబడుతుంది. ఇథనాల్ గాలిలోని తేమను కూడా పీల్చుకుంటుంది కనుక వారాల తరబడి నిలవ ఉన్న పెట్రోలును నేను ఈ ఇంజినులో పోయను.

మిగిలినవి త్వరగా చెబుతాను. స్టార్టరు తాడు పీచు లేస్తే మార్చాలి. గాలి ఫిల్టరు కడిగి ఆరబెట్టాలి. బెల్టు ఉంటే దాని బిగువు, గేర్‌బాక్సు ఉంటే అందులోని ఆయిలు చూడాలి. ప్రొపెల్లరు బోల్టులను ఒక్కసారే కాకుండా ఎదురెదురువి కొద్దికొద్దిగా, తయారీదారు చెప్పిన బిగువుకు, బిగువును కొలిచే పానా అయిన టార్క్ రెంచితో బిగించాలి. చెక్క ప్రొపెల్లరైతే తేమకు ఉబ్బి, ఎండకు కుంచించుకుపోతుంది కాబట్టి వాతావరణం మారినప్పుడల్లా మళ్లీ పరీక్షించాలి. చివరగా థ్రాటిల్ వదిలితే కేబులు పూర్తిగా వెనక్కి వస్తోందా, ఆపే మీట నొక్కితే ఇంజిను నిజంగా ఆగుతోందా అని చూడాలి. కేబులు ఇరుక్కుని, స్టార్టు అవుతూనే ఇంజిను పూర్తి వేగం అందుకుంటే దాన్ని చేతులతో ఆపడం చాలా కష్టం. ప్రొపెల్లరుకు పక్కనా వెనుకా మిమ్మల్ని నిలబడనివ్వనిది అందుకే. నా మీద కోపం తెచ్చుకోకండి.

నా దగ్గర ఉన్న నీలం అట్ట పుస్తకంలో ఇంజిను నడిచిన ప్రతి గంటా, మార్చిన ప్రతి భాగమూ రాసి ఉంటుంది. దాని ప్రకారం ఈ ఆదివారం డయాఫ్రమ్‌లు మార్చవలసి ఉంది. మీరు వచ్చేదాకా పని మొదలుపెట్టను. పాత పొరను, కొత్త పొరను మీ అరచేతుల్లో పెడతాను. కళ్లు మూసుకుని వేలి కొనతో నొక్కి, ఏది పాతదో ముందు మీరే చెప్పాలి.

ఇట్లు,
మీ తాతయ్య